ఒకే త్రాసు, రెండు తూకములు

2023 జూన్ 14వ తేదీన హాలెండు పార్లమెంటులో అప్పటి ప్రధానమంత్రి మార్క్ రుట్టె యొక మాట చెప్పెను. ఇండోనీషియా స్వతంత్రమైన దినము 1945 ఆగస్టు 17 అని తమ ప్రభుత్వము సంపూర్ణముగను, ఎట్టి మినహాయింపును లేకుండను అంగీకరించుచున్నదనుట ఆ మాటకు సారాంశము. ఈ వార్త చదివినవారిలో పెక్కురు "ఇంతదనుక అంగీకరింపనే లేదా?" అని ఆశ్చర్యపడి యుందురు. అంగీకరింపలేదు. డచ్చివారి లెక్కలో ఇండోనీషియా స్వాతంత్ర్యము 1949 డిసెంబరు 27న పుట్టినది. ఆ దినమున ఆమ్‌స్టర్‌డామ్ రాజభవనములో జూలియానా రాణి సార్వభౌమాధికారమును బదలాయించు పత్రముపై వ్రాలు చేసెను. 2005లో వారి విదేశాంగమంత్రి బెన్ బాట్ జకర్తాకు బోయి, 1945 నాటి తేదీని రాజకీయముగను నైతికముగను ఒప్పుకొనుచున్నామని చెప్పెనే కాని, న్యాయస్థానములో నిలుచునట్టి మాటను మాత్రము నోట రానీయలేదు.

తేదీలో నేమున్నదని కొందఱు నవ్వవచ్చును. న్యాయస్థానముల గుమ్మములు త్రొక్కిన మావంటివారికి మాత్రము ఆ నవ్వు రాదు. పొలము దున్నుకొనుచున్న రైతును పొరుగువాడు కొట్టి తఱిమినప్పుడు, ఆ పొలము ఏనాటినుండి యెవరిది యను నొక్క ప్రశ్నపైననే అది దౌర్జన్యమా, స్వాధీనము పుచ్చుకొనుటయా యనునది తేలును. ఇండోనీషియా 1945లోనే స్వతంత్ర దేశమైనచో, ఆ పిమ్మట నచ్చట దిగిన డచ్చి సైన్యము పరదేశముపై దండెత్తిన సైన్యము. 1949 వఱకు అది డచ్చివారి సొత్తే యైనచో, వారు చేసినది తమ యింటిలో తాము శాంతిభద్రతలు నెలకొల్పుకొనుట. అందులకే వారు తమ రెండు దండయాత్రలకును 'పోలీసు చర్య' యని నామకరణము చేసిరి. (ఈ పదము హైదరాబాదు కథవలన తెలుగువారికిని పరిచితమే, అది వేఱు వ్యాజ్యము.) రెండు తేదీల నడుమ నాలుగేండ్ల నాలుగు నెలల పది దినము లున్నవి. ఆ వ్యవధిలో మడిసిన ఇండోనీషియా ప్రజలు ఇంచుమించు లక్ష యని సామాన్యముగ జెప్పెడి అంచనా.

ఆ వ్యవధి ఎందుచేత నంత దీర్ఘమైనది? అంతకంటె దీర్ఘమేల కాలేదు? ఈ రెండు ప్రశ్నలకును ప్రత్యుత్తరము జకర్తాలో గాని, హేగ్‌లో గాని పూర్తిగ దొరకదు. వాషింగ్టను, మాస్కోల లెక్కపుస్తకములు విప్పి చూడవలయును. వలస రాజ్యములకు స్వాతంత్ర్యము తామే యిప్పించితిమని ఆ రెండు రాజధానులును పలుమాఱు చాటుకొనినవి. మా యభిప్రాయము వేఱు. స్వాతంత్ర్యమును ప్రకటించినవారును, దానికై ప్రాణము లిచ్చినవారును ఆయా దేశముల ప్రజలే. అయితే ఆ స్వాతంత్ర్యమును లోకము ఎప్పుడు గుర్తింపవలయును, దానికెంత వెల చెల్లింపవలయును, సరిహద్దు ఎచ్చట గీయవలయును అను విషయములను మాత్రము అగ్రరాజ్యముల వైరము తన త్రాసులో తూచి నిర్ణయించినది. ఆ త్రాసు ఎట్టిదో తెలియుటకు ఇండోనీషియాను, వియత్నామును ప్రక్కప్రక్కన నుంచి చూచుట మేలు. ఇంతగా పోలిన ఆరంభములును, ఇంతగా వేఱైన పర్యవసానములును చరిత్రలో అరుదు.

1945 ఆగస్టు 15న జపాను లొంగిపోయినది. రెండు దినములు గడవకమునుపే జకర్తాలో సుకర్ణో తన యింటి ముంగిట నిలిచి, హట్టాతో గలిసి వ్రాలు చేసిన రెండు వాక్యముల ప్రకటనను చదివెను. పదునాఱు దినముల పిమ్మట, సెప్టెంబరు 2న, హనోయిలో బా దిన్ మైదానమున హో చి మిన్ తన దేశ స్వాతంత్ర్యమును చాటెను. ఆయన ప్రకటన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోడనే ప్రారంభమయ్యెను. ఇరువురును సామ్రాజ్యవాదపు చెఱసాలలు చూచినవారు. ఇరువురి మాజీ ప్రభువులును, అనగా డచ్చివారును ఫ్రెంచివారును, నిన్నమొన్నటివఱకు హిట్లరు పాదముల క్రింద నలిగినవారు. తమ మెడమీది కాడి దిగిన మఱునాడే యితరుల మెడకు కాడి కట్టుటకు బయలుదేరిన జాతుల మనస్సును ఏమని వర్ణింతుము!

ఆ ప్రభువులు తెలుగు తీరమునకును క్రొత్తవారు కారు. మచిలీపట్టణములో వలందపాలెమనియు, పరాసుపేట యనియు పేటలు గలవు. వలందలనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. పదునేడవ శతాబ్దారంభమున డచ్చి కంపెనీవారు మన తీరమున నేతగుడ్డలు కొని, వానినే తూర్పు దీవులకు గొనిపోయి, లవంగములకును జాజికాయకును మారకము వేసిరి. మన మగ్గము మీది గుడ్డయే వారి సుగంధద్రవ్య సామ్రాజ్యమునకు నాణెమైనది.

మూడు వందల యేండ్ల తరువాత మఱల వారికి మనవారే సాధనమైరి. ఈ తడవ గుడ్డ కాదు, నెత్తురు. జపాను సైన్యమును నిరాయుధము చేయు నెపమున బ్రిటిషువారు సైగానునకు మేజర్ జనరల్ గ్రేసీ చేతిక్రింద 20వ ఇండియను డివిజనును, జావాకు వేఱు ఇండియను దళములను పంపిరి. సైగానులో గ్రేసీ ఫ్రెంచి సైనికులకు ఆయుధము లిచ్చి, 1945 సెప్టెంబరు 23న పట్టణమును వారికి స్వాధీనపఱచెను. జావాలోని సురబాయాలో అక్టోబరు 30న బ్రిగేడియర్ మాలబీ మరణించెను. నవంబరు 10న పట్టణముపై భూమినుండి, సముద్రమునుండి, ఆకాశమునుండి దాడి జరిగెను. ఆ దాడిలో తుపాకి పట్టినవాడు మన పల్లెల బిడ్డ. దానికి ఎదురు రొమ్మిచ్చినవాడు మనవలెనే దాస్యము రోసినవాడు. మన సిపాయిలలో కొన్ని వందలమంది తుపాకులతోడనే రిపబ్లికు పక్షమున జేరిరని చెప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు. ఆస్ట్రేలియా రేవులలో డచ్చి ఓడలకు సరుకెత్తుటకు కూలీలు నిరాకరించినప్పుడు, ఆ యోడలపై పని మానినవారిలో భారతీయ నావికులును గలరు. భారత సైన్యమును ఇట్టి కార్యమునకు వినియోగించుటను నెహ్రూ తీవ్రముగ ఖండించెను. అయినను ఆనాడు మన సైన్యముపై మనకు అధికారము లేదు.

ఇంతవఱకు రెండు కథలును ఒక్కటియే. ఇక దారులు చీలినవి.

ఇండోనీషియాలో డచ్చివారు మొదట సంధి పత్రము వ్రాసిరి. 1947 మార్చి 25న వ్రాలైన లింగజాతి ఒడంబడిక ప్రకారము జావా, మదుర, సుమత్రాలలో రిపబ్లికు అధికారమును గుర్తించిరి. నాలుగు నెలలు నిండకమునుపే, జులై 21న, మొదటి 'పోలీసు చర్య'కు పూనుకొనిరి. భారతమును, ఆస్ట్రేలియాయును ఈ విషయమును భద్రతా మండలికి దెచ్చినవి. ఆగస్టు 1న మండలి కాల్పులు మానుడని చెప్పెను. అమెరికా, బెల్జియము, ఆస్ట్రేలియాలతో నొక మధ్యవర్తి సంఘము ఏర్పడెను. 1948 జనవరి 17న 'రెన్విల్' అను అమెరికా యుద్ధనౌకపై క్రొత్త ఒప్పందమునకు వ్రాలు జరిగెను. దాని ఫలమేమన, డచ్చివారు బలాత్కారముగ నాక్రమించిన భూమి వారి చేతనే నిలిచెను. రిపబ్లికు సైన్యము పశ్చిమ జావాను విడిచిపోవలసి వచ్చెను. మధ్యవర్తి యోడపై కూర్చుండి చేసిన రాజీనామాలో దెబ్బతిన్నవానికే నష్టము కలుగుట మా వృత్తిలో మేము చూడని విషయము కాదు.

అప్పటికి అమెరికా దృష్టి యెచ్చట నున్నది? యూరోపులో. యుద్ధముచే చితికిన పశ్చిమ యూరోపు కమ్యూనిస్టుల పాలగునేమో యను భయముతో 1947 జూన్‌లో మార్షల్ తన పథకమును సూచించెను. 1948 ఏప్రిల్‌లో అది శాసనమయ్యెను. అందులో హాలెండునకు నాలుగేండ్లలో వంద కోట్ల డాలర్లకు మించి ముట్టినది. ఒక చేతితో హాలెండు అమెరికా సాయము పుచ్చుకొనుచు, రెండవ చేతితో జావాలో యుద్ధవ్యయము పెట్టుచుండెను. ఆసియా స్వాతంత్ర్యముపై అమెరికాకు సానుభూతి లేదని మేమనము. ఆ సానుభూతిని యూరోపు అవసరములకు తనఖా పెట్టియుండిరని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ తనఖా విడిపించినది ఏది? మదియూన్.

1948 ఆగస్టులో ముస్సో యను పాత కమ్యూనిస్టు నాయకుడు దీర్ఘ ప్రవాసము చాలించి సోవియటు దేశమునుండి జావాకు వచ్చెను. సెప్టెంబరు 18న తూర్పు జావాలోని మదియూన్ పట్టణమున తిరుగుబాటు లేచెను. మఱునాడు సుకర్ణో రేడియోలో మాటలాడి, ముస్సో కావలయునో, సుకర్ణో హట్టాలు కావలయునో తేల్చుకొనుడని ప్రజల నడిగెను. కొన్ని వారములలో రిపబ్లికు సైన్యమే యా తిరుగుబాటును అణచివేసెను. అక్టోబరు 31న ముస్సో హతుడయ్యెను. అన్నదమ్ముల నెత్తురు అన్నదమ్ములే చిందించుకొనిన ఆ దుర్దినములు ఇండోనీషియాకు తీరని గాయము. వాషింగ్టనులో మాత్రము అవి గొప్ప యోగ్యతాపత్రముగ నెంచబడినవి. నిన్నటివఱకు సందేహాస్పదుడైన సుకర్ణో నేడు నమ్మదగినవా డయ్యెను. ఒక జాతి హక్కు 1945లో న్యాయము కాక, 1948 సెప్టెంబరులో హఠాత్తుగ న్యాయమయ్యెనా? హక్కు మాఱలేదు. త్రాసులోని రాయి మాఱినది.

డచ్చివా రిది గ్రహింపలేదు. డిసెంబరు 19న రెండవ దండయాత్ర చేసి, జోగ్‌జకర్తాను పట్టుకొని, సుకర్ణో హట్టాలను చెఱబెట్టిరి. ఇక రిపబ్లికు ముగిసినదని లోకమునకు చాటిరి. ముగియలేదు. క్షయరోగముచే ఊపిరాడని సేనాపతి సుదీర్మాన్ డోలీలో మోయబడుచు అడవులలో గెరిల్లా యుద్ధము నడపెను. 1949 మార్చి 1న అతని సైనికులు పట్టపగలు జోగ్‌జకర్తాలో ప్రవేశించి, కొన్ని గంటలపాటు దానిని తమ వశమున నుంచుకొనిరి. ఈ మాట విస్తరించి చెప్పుటకు కారణము గలదు. అగ్రరాజ్యముల కథ వ్రాయువారు సుదీర్మాన్‌కు ఒక పంక్తియును, విదేశాంగమంత్రుల సమావేశములకు పది పుటలును ఇచ్చెదరు. అడవిలో ఆ డోలీ కదలనిచో, వాషింగ్టనులో తూచుటకు తూకమే యుండెడిది కాదు.

ఢిల్లీలో 1949 జనవరి 20న నెహ్రూ ఆసియా దేశముల సభను గూర్చెను. ఆస్ట్రేలియా, ఈజిప్టు, ఇథియోపియాలును వచ్చినవి. 1950 జనవరి 1వ తేదీ లోపల సంపూర్ణాధికారమును ఇండోనీషియాకు అప్పగింపవలయునని సభ తీర్మానించెను. డచ్చి విమానములు తన యాకాశమున ఎగురరాదని భారతము అంతకుముందే నిషేధించినది. బిజూ పట్నాయక్ 1947 జులైలోనే తన విమానమును తానే నడిపికొనిపోయి, డచ్చి దిగ్బంధనమును దాటి షహ్రీర్‌ను వెలికి దెచ్చెను. జనవరి 28న భద్రతా మండలి ఢిల్లీ కోరికకు చేరువయైన తీర్మానమునే చేసెను. అమెరికావారు ఇండీస్ పేర నిర్ణయించిన మార్షల్ సాయమును నిలిపివేసిరి. హాలెండునకు నేరుగ బోవు భాగమును మాత్రము తాకలేదు. దానిని గూడ ఆపవలయునని సెనేటరు బ్రూస్టర్ సవరణ తెచ్చినప్పుడు గాని హేగ్‌లో కలవరము పుట్టలేదు. మార్చి చివర, ఉత్తర అట్లాంటిక్ సంధికి వ్రాలు చేయవచ్చిన డచ్చి మంత్రి స్టిక్కర్‌తో ఆచిసన్ ఈ సంగతి గట్టిగ జెప్పెను. మే 7న డచ్చివారు దిగివచ్చిరి.

ఆగస్టు 23న హేగ్‌లో రౌండు టేబులు సభ ప్రారంభమై నవంబరు 2న ముగిసెను. స్వాతంత్ర్యము దొరికెను, దాని వెల యెంతో చూడుడు. వలస ప్రభుత్వము చేసిన అప్పులలో 430 కోట్ల గిల్డర్లను క్రొత్త రాజ్యము తలకెత్తుకొనవలసి వచ్చెను. ఆ యప్పులలో ఇండోనీషియాను అణచుటకై చేసిన యుద్ధపు ఖర్చును గలదు. అనగా, కొట్టినవాడు తన కఱ్ఱ వెలను దెబ్బతిన్నవానిచేత ఇప్పించుకొనెనన్నమాట. మన దేశము స్వతంత్రమైన నాడు లెక్క తలక్రిందులుగ నుండెను; యుద్ధకాలపు స్టెర్లింగు నిల్వల రూపమున బ్రిటనే మనకు వంద కోట్ల పౌండ్లకు మించి బాకీ యుండెను. హేగ్ సభలో అమెరికా ప్రతినిధి కాక్రాన్ ఈ యప్పు విషయమున డచ్చివారివైపు మొగ్గెను. పశ్చిమ న్యూగినీని ఒక యేడు పిమ్మట తేల్చుకొందమని ప్రక్కకు పెట్టిరి. ఆ యేడు పదుమూడేండ్లయ్యెను.

సోవియటువారి మాటయో? 1946 జనవరిలో ఇండోనీషియా విషయమును భద్రతా మండలిలో మొట్టమొదట లేవనెత్తినది ఉక్రెయిన్ ప్రతినిధియే. ఆ కీర్తి వారికి జెందవలసినదే. కాని మదియూన్ పిమ్మట వారి కండ్లకు సుకర్ణో హట్టాలు సామ్రాజ్యవాదుల కీలుబొమ్మలైరి. 1949 డిసెంబరు 13న హేగ్ ఒప్పందమును అభినందించు తీర్మానము మండలి ముందుకు వచ్చినప్పుడు సోవియటు ప్రతినిధి వీటో చేసెను. ఒక దాసజాతి విడుదలకు అభినందనము చెప్పుటకును చేయి రాలేదు. వాషింగ్టను ఏ కారణమున మెచ్చెనో, మాస్కో అదే కారణమున ముఖము త్రిప్పుకొనెను. ఉభయుల దృష్టిలోను ఇండోనీషియా ప్రజలు కారణము కాదు.

ఇప్పుడు వియత్నామునకు వత్తము. 1945 వేసవిలో అమెరికా గూఢచార శాఖవారి చిన్న దళము అడవిలో హో చి మిన్ గెరిల్లాలకు తుపాకి శిక్షణ నిచ్చెను; మలేరియాతో మూల్గుచున్న హోకు దళ వైద్యుడు మందు లిచ్చెను. ఆ నమ్మకముతోడనే ఆయన ట్రూమన్ అధ్యక్షునికి 1945లోను 1946లోను లేఖ మీద లేఖ వ్రాసెను. ఒక్కదానికిని జవాబు రాలేదు. ఇండోనీషియాలో యోగ్యతాపత్రము దొరకినవాడు సుకర్ణో. ఇచ్చట హో చి మిన్ కమ్యూనిస్టు. ఫ్రాన్సు లేక పశ్చిమ యూరోపు రక్షణ లేదు. ఈ రెండు రాళ్లు పడగానే త్రాసు రెండవ వైపునకు వ్రాలెను.

కమ్యూనిస్టు శిబిరము తన వానిని ఆదుకొనెనా? అదియు లేదు. 1946 నవంబరు 23న ఫ్రెంచి యుద్ధనౌకలు హైఫాంగ్ పట్టణముపై గుండ్లు కురిపించిన నాడు, ప్యారిసు ప్రభుత్వములో ఫ్రెంచి కమ్యూనిస్టు నాయకుడు మోరిస్ తొరేజ్ ఉపప్రధాని. డిసెంబరు 19న హనోయిలో యుద్ధ మంటుకొనెను. (సరిగా రెండేండ్లకు అదే తేదీన జోగ్‌జకర్తా పడిపోవుట కాకతాళీయము.) స్టాలిన్ నాలుగేండ్లకు పైగా హో ప్రభుత్వమును గుర్తింపనే లేదు. చైనాలో మావో గెలిచిన తరువాతనే, 1950 జనవరి 18న పెకింగును, జనవరి 30న మాస్కోయును గుర్తించినవి. వెంటనే ఫిబ్రవరి 7న అమెరికా, ఫ్రెంచివారు నిలబెట్టిన బావో దాయి ప్రభుత్వమును గుర్తించెను. మే నెలలో సైనిక సాయమును ప్రకటించెను. హేగ్‌లో డచ్చివారి ముక్కు పిండిన హస్తమే ప్యారిసులో ఫ్రెంచివారి సంచి నింపెను. 1954 నాటికి ఆ యుద్ధవ్యయములో నూటికి 80 వంతులు అమెరికాయే భరించుచుండెను.

1954 మే 7న దియెన్ బియెన్ ఫూ కోట కూలెను. మఱునాడే జెనీవాలో ఇండోచైనాపై చర్చలు ప్రారంభమైనవి. యుద్ధరంగమున గెలిచినవాడు బల్లయొద్ద ఓడుట యెట్లో ఆ సభలో చూడనగును. వియత్ మిన్ ప్రతినిధులు విభజన రేఖను 13వ అక్షాంశముపై గీయవలయునని, ఎన్నికలు ఆఱు నెలలలో జరుగవలయునని కోరిరి. వారిని 17వ అక్షాంశమునకు వెనుకకు నెట్టినవారు శత్రువులు మాత్రమే కారు. కొరియాలో అలసిన చైనా పక్షమున చౌ ఎన్ లై, అమెరికాతో క్రొత్త యుద్ధము కోరని సోవియటు పక్షమున మొలొటోవ్. ఎన్నికలకు రెండేండ్ల వాయిదా పడెను. 1956 జులైలో జరుగవలసిన ఆ యెన్నికలు జరుగలేదు. ఎన్నడును జరుగలేదు. 1975 ఏప్రిల్ 30న సైగాను పడిపోయెను. 1976 జులై 2న దేశ మొక్కటయ్యెను. ప్రకటననాటినుండి లెక్కించిన ముప్పదియేండ్ల పది నెలలు. జకర్తాకు నాలుగేండ్లు, హనోయికి ముప్పది! హక్కులో భేదము ఏపాటి?

మన దేశపు నడవడిని గూర్చియు నొక మాట చెప్పక తప్పదు. ఇండోనీషియా కొఱకు ఢిల్లీలో సభ గూర్చినవారము, వియత్నాము కొఱకు గూర్పలేదు. 1947 జనవరిలో శరచ్చంద్ర బోసు వాలంటీర్లను పంపుదమని పిలుపిచ్చినప్పుడు ఢిల్లీ దానిని ప్రోత్సహింపలేదు. ఫ్రెంచి సైనిక విమానముల రాకపోకలను పరిమితము చేసితిమి. అంతకు మించి పోలేదు. హో ప్రభుత్వమును గుర్తింపలేదు, బావో దాయినిని గుర్తింపలేదు. పుదుచ్చేరి, యానాములు ఇంకను ఫ్రెంచివారి చేతిలో నుండుటయు, మన యింటి కమ్యూనిస్టులతోడి కలహమును కారణములని కొందఱందురు. కారణము లుండవచ్చును. 1954లో కృష్ణ మీనన్ జెనీవాలో విడిదినుండి విడిదికి తిరిగి చేసిన రాయబారమును, పర్యవేక్షణ సంఘమునకు భారతము అధ్యక్షత వహించుటయు గౌరవకార్యములే. అయినను అవి యగ్ని ఆరిన పిమ్మట నీళ్లు మోయుటయే గాని, ఇండోనీషియా విషయమున జేసినట్లు అంటుకొన్ననాడే పరుగెత్తుట కాదు.

ఇక పశ్చిమ న్యూగినీ. ఇది ఈ కథలో అందఱును తడబడు చోటు. ఇండోనీషియాను ప్రేమించు మావంటివారు మఱింత తడబడుదురు. డచ్చివారు ఆ ద్వీపభాగమును విడువకున్నందున సుకర్ణో మాస్కోనుండి యుద్ధనౌకలు, జలాంతర్గాములు, బాంబు విమానములు అప్పుగ దెచ్చెను. ఇండోనీషియా సోవియటు శిబిరమున గలియునేమో యని వాషింగ్టను కంగారుపడెను. కెన్నెడీ ప్రభుత్వపు ఒత్తిడిచే 1962 ఆగస్టు 15న న్యూయార్కులో ఒప్పందము కుదిరెను; 1963 మే 1న ఆ దేశము ఇండోనీషియా చేతికి వచ్చెను. ఈ దస్తావేజుపై వ్రాళ్లు చేసినవారు ఇరువురు: డచ్చివారు, ఇండోనీషియావారు. ఆ నేలపై వేలయేండ్లనుండి యున్న పాపువా ప్రజలు పక్షకారులు కారు, కనీసము సాక్షులును కారు. 1969లో వారి యిష్టమును కనుగొందమని ఏడెనిమిది లక్షల ప్రజలలో వెయ్యిమందికి కొంచెము మించిన పెద్దలను ఎంపిక చేసి, కూర్చుండబెట్టి, ఏకగ్రీవముగ 'సరే' ననిపించిరి. ఒక జాతిని చెఱవిడిపించిన త్రాసే మఱియొక జాతిని అడుగకుండ తూచి యిచ్చివేసినది. సుకర్ణోకైనను ఆ మైత్రి దక్కలేదు. 1965-66 సంవత్సరములలో కమ్యూనిస్టులను నెపమున లక్షల సంఖ్యలో ప్రజలు ఊచకోతకు గుఱియైరి; మాస్కో ఖండనలతో సరిపెట్టెను, వాషింగ్టను లోలోపల తృప్తి చెందెను.

ఈ వైరమువలన దాసజాతులకు లాభమే కలుగలేదా యని యొక విజ్ఞుడు మమ్మడిగెను. కలిగినది, కాదనము. 1960 డిసెంబరు 14న వలసపాలన యంతము కావలయునని ఐక్యరాజ్య సమితి చేసిన ప్రకటనకు మొదట పూనుకొనినది క్రుశ్చేవు. దానికి 89 దేశములు అనుకూలముగ నోటు చేయగా, అమెరికా సహా తొమ్మిది దేశములు తటస్థముగ నుండినవి. 1961 డిసెంబరులో గోవా విషయమున భద్రతా మండలిలో మనలను కాచినది సోవియటు వీటోయే. ఇరువురు షావుకార్లు పోటీపడినప్పుడు రైతుకు బేరము కొంత కలిసి వచ్చును. అయితే పోటీ తీరిననాడు, లేదా ఆ షావుకార్లిరువురును చేతులు కలిపిననాడు, రైతు ధాన్యము జెనీవాలో హో చి మిన్ ధాన్యమువలెనే యగును. నేడు అమెరికా చైనాల నడుమ నలుగుచున్న చిన్న దేశములవారు ఆ 1954 జులై నాటి కాగితములను చదువుకొనిన బాగుండును.

తిరిగి తేదీకి వత్తము. తేదీ మాఱినచో దస్తావేజులోని తక్కిన షరతులు మాఱకుండ నుండవు. 1947 డిసెంబరు 9న పశ్చిమ జావాలోని రావగదె గ్రామమున డచ్చి సైనికులు మగవారిని వరుసగ నిలబెట్టి కాల్చి చంపిరి. అఱువదియేండ్లు దాటిన పిమ్మట వారి వితంతువులు హేగ్ న్యాయస్థానమున దావా వేయగా, ప్రభుత్వము కాలదోషము పట్టినదని వాదించెను. 2011 సెప్టెంబరు 14న న్యాయస్థాన మా వాదమును త్రోసివేసెను. ఒక్కొక్క వితంతువునకు 20,000 యూరోలు ముట్టినవి. 2020లో డచ్చి రాజును, 2022లో ప్రధానియు క్షమాపణలు చెప్పిరి. ఇప్పుడు 1945ను గూడ ఒప్పుకొనిరి. అట్లయినచో 1945 ఆగస్టు 17 తరువాత ఒక స్వతంత్ర దేశమును అణచుటకు చేసిన ఖర్చు, 430 కోట్ల గిల్డర్ల పద్దులో ఆ దేశము పేరననే యేల వ్రాయబడినది? 1956లో ఇండోనీషియా మిగిలిన బాకీని నిరాకరించెను. అంతకుముందు ఆఱేండ్లు చెల్లించిన సొమ్ము హాలెండు ఖజానాకు చేరినది. ఆ సొమ్ము ఎవరిదని జకర్తా అడిగిననాడు, కాలదోషము మాట మఱల యెత్తకుండ హేగ్ ఏమి జవాబు చెప్పునో వినవలయునని యున్నది.